కలెక్టరుకు నకలు పెట్టిన దరఖాస్తు

పులివెందుల సహకార సంఘంలో నా ఉద్యోగ విరమణ సభ జరిగినప్పుడు ముగ్గురు మాట్లాడారు. ఒకాయన నా చేతిరాత గురించి, ఒకాయన నా గొడుగు గురించి, మూడో ఆయన నా కోపం గురించి చెప్పారు. అసలు ఈ ఉద్యోగంలోకి ఎట్లా వచ్చావని మాత్రం ఒక్కరూ అడగలేదు. చివర్లో నన్ను మాట్లాడమన్నారు. నేను లేచి గొంతు సవరించుకునేలోగా కాఫీలు పంచడం మొదలైంది. కాఫీ వచ్చాక ఎవరు వింటారు? ఇంట్లో చెప్పబోతే, ఇదివరకు చెప్పావులే అంటారు. చెప్పలేదు. మొదలుపెట్టాను అంతే. రెండు పత్రికలకు రాసి పంపాను. చేరిందని కూడా వాళ్లు తెలపలేదు. అందుకే పుస్తకంలో రాస్తున్నాను. పుస్తకం మధ్యలో కాఫీలు పంచడం ఎవరివల్లా కాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ప్రొద్దుటూరులో ఎస్సెస్సెల్సీ పాసయ్యాను. మా ఇంట్లో అంతవరకు చదివినవాళ్లు లేరు. మా నాయన పత్తి మిల్లులో కాటా దగ్గర పని చేసేవాడు. ఫలితాలు పేపర్లో పడిన రోజు మా మేనమామ వేంపల్లె నుంచి వచ్చి ఉన్నాడు. ఆయనది శెనక్కాయల వ్యాపారం. పేపరును అటూ ఇటూ తిప్పి చూసి, ఇంటినిండా ఉన్న చుట్టాల ముందు, "నెంబరు పడింది, సరేలే అల్లుడా. దీన్ని కాటాలో పెడితే ఎంత తూగుతాది?" అన్నాడు.

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. తమ్ముడు కదా. ఆరోజు నవ్వినవాళ్లు ఎవరెక్కడ కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

మామకు అంగట్లో నమ్మకమైన మనిషి కావాలి. ఆ మనిషి నేనేనని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. తిండి, బట్ట, పండగకు కొత్త పంచె. జీతం అనే మాట వస్తే, "సొంత అల్లునికి జీతమేందక్కా, నామోషీ గాదా?" అని మా అమ్మను అడిగేవాడు. ఆమెకది ప్రేమగా వినబడేది. నాకు మాత్రం ఆ అంగట్లోకి ఒకసారి పోతే మళ్లీ బయటికి రానని తెలుసు. ఉద్యోగం దొరికితేనే తప్పించుకోగలను.

ఇప్పటి పిల్లలు బయోడేటా అంటారు. మా కాలంలో దరఖాస్తు. దాన్నెట్లా రాయాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. జమ్మలమడుగులో మా పెదనాయన కోర్టు ఎదుట వసారాలో చాప వేసుకొని అర్జీలు రాసేవాడు. దారి తగాదాలకు, చేను గట్టు తగాదాలకు, కాలువ నీళ్లకు ఆయన అర్జీ రాస్తే పని జరుగుతుందని చుట్టుపక్కల పేరు. ఆయన దగ్గర కొన్నాళ్లుండి, ఆయన చిత్తుగా రాసినవి నేను సాపుగా తిరగరాశాను. ఆయన పద్ధతి ఒకటుంది.

"ఏం కావల్లో ముందే చెప్పొద్దు నాయనా. ముందే చెప్తే అధికారి ఇంగ చదవడు. మొదట మీ ఇంటి కష్టం రాయి. ఆయనకు జాలి పుట్టల్ల. ఆ తర్వాత జరిగిన అన్యాయం రాయి. కొంచెం భయం పుట్టల్ల. ఆఖరున నీకేం కావల్లో ఒక్క మాట చెప్పు. అడుగున, నకలు కలెక్టరుగారికి అని రాయి."

"కలెక్టరుగారికి నిజంగా పంపల్లనా పెదనాయనా?"

"రాసేది ముఖ్యం. పంపితే ఇంగా మంచిది."

నేను ఏ పనైనా సగం చేసే మనిషిని కాను. పంపాను.

నా మొదటి దరఖాస్తు నాలుగు పేజీలు. మొదటి పేజీలో మా తాత బావి పూడిపోయిన వైనం. రెండో పేజీలో మా నాయన వేలు మిల్లులో నలిగిన సంగతి. మూడో పేజీలో నేను చెప్పుల్లేకుండా బడికి నడిచిన దారి. నాలుగో పేజీ అడుగున, కావున తమరు దయతలచి గుమాస్తా పని ఇప్పించ ప్రార్థన. పాసైన సంగతి కూడా ఆ పేజీలోనే. పెదనాయన చదివి కళ్లు తుడుచుకున్నాడు. అంత బాగా వచ్చింది. దాన్నే నాలుగైదు ఆఫీసులకు రాసి పంపాను.

ఒక్క జవాబు రాలేదు. మా వీధి తపాలా ఆయన మొదట్లో నా దగ్గరికి వచ్చి, "నీకేం రాలేదప్పా" అని చెప్పేవాడు. తర్వాత వీధి మొదట్లోనే సైకిలు మీద నుంచి చెయ్యి ఊపి లేదనేవాడు. ఆ పైన చెయ్యి ఊపడం కూడా మానేసి, నా వైపు చూడకుండా పోయేవాడు. చెయ్యి ఊపితే ఆయన సొమ్మేం పోయింది?

దరఖాస్తు చాలలేదని, దాన్ని బాగుచేయాలని పెదనాయనా నేనూ అనుకున్నాం. బాగుచేశాం. ఇదివరలో ఏయే ఆఫీసులకు రాసుకున్నానో, ఎవరెవరు జవాబు రాయలేదో మొదట్లోనే చేర్చాం. 'ఇంతవరకు ఏ విధమైన ప్రత్యుత్తరము లేనందుకు మిక్కిలి చింతించుచు' అన్నది పెదనాయన మాట. దానికీ జవాబు రాకపోతే ఆ ఆఫీసు పేరు కూడా తర్వాతి దరఖాస్తులోకి ఎక్కేది. అట్లా ఆఫీసు ఆఫీసుకూ దరఖాస్తు పెరిగి, నేను పాసైన సంగతి నాలుగో పేజీ నుంచి ఆరో పేజీకి జరిగింది. "ఇప్పుడు బిగువొచ్చింది" అన్నాడు పెదనాయన. కలెక్టరుకు తోడు కర్నూలులో మంత్రిగారికి కూడా నకలు పెట్టమన్నాడు. పెట్టాను. అంతలో రాజధాని హైదరాబాదుకు మారింది. ఆ సామాన్లలో నా కాగితం ఏ పెట్టె అడుగున పడిపోయిందో ఎవరు చూడొచ్చారు?

ఒకరోజు మధ్యాహ్నం రెవిన్యూ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద మా వీధిలోకి వచ్చాడు. వెనక తలారి నడుస్తున్నాడు. నా పేరు అడిగేసరికి వీధంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. ఉద్యోగం ఇంటికే వచ్చిందనుకొని మా అమ్మ మంచం వాల్చి, పెట్టెలోని కొత్త దుప్పటి తీసి పరిచి, చెంబుతో మజ్జిగ తెచ్చింది. నేను లోపలికి పోయి చొక్కా మార్చుకొని వచ్చాను.

ఆయన సంచిలోంచి కాగితాలు తీశాడు. నా చేతిరాతే. పైన ఎర్ర సిరాతో 'విచారించి నివేదించవలెను' అని రాసి ఉంది. దాని కింద మెట్లు దిగినట్టు వరసగా సంతకాలు.

"అర్జీ పెట్టింది నువ్వేనా?"

"అర్జీ కాదు సార్. దరఖాస్తు."

"కలెక్టరుగారికి పెట్టుకుంటే అర్జీనే. ఊఁ, చెప్పు. నీకు అన్యాయం జేసిందెవరు?"

"శానామంది సార్. వరసగా రాసినా చూడండి."

"చూసినాలే. భూమి తగాదా ఉండాదా?"

"మాకు భూమే లేదు."

"దారి తగాదా? నీళ్ల తగాదా?"

"అవేం లేవు సార్. ఉద్యోగానికి రాసుకుంటే ఎవరూ జవాబు రాయలేదు."

ఆయన కలం ఎత్తి పట్టుకొని నన్ను చూశాడు. "అది అన్యాయం యాడైతాదప్పా? నా బదిలీకి నేను రాసుకొని ఎన్నాళ్లైందో తెల్సా? నాకు జవాబు రాలా. నేనెవరి మింద పెట్టుకోవల్ల?"

తలారి మొహం పక్కకు తిప్పుకొని నవ్వాడు. ఇన్‌స్పెక్టరు మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని, రాయడం మొదలుపెట్టాడు. అర్జీదారును స్వయముగా విచారించితిని. భూమి, దారి, నీటి తగాదాలు లేవు. ఉద్యోగము లేదు. ఇతర ఫిర్యాదులు లేవు. సంతకం పెట్టమన్నాడు.

"ఇతర ఫిర్యాదులు ఉండాయి సార్" అన్నాను.

"ఉంటే ఇంగో అర్జీ పెట్టుకో. దీనికి మాత్రం సంతకం పెట్టు. ఎండలో వచ్చినా." పెట్టక తప్పలేదు. సైకిలెక్కుతూ ఒక మాట అన్నాడు. "ఉద్యోగమిచ్చేటోడు పనికొచ్చే మనిషి కోసరం చూస్తాడు. నీ కాగితం చూస్తే తగాదా ఇంటికొచ్చినట్టుండాది. మొదటి పేజీ చూసి అర్జీల కట్టలో ఏసింటారు."

అంటే అన్ని ఆఫీసుల్లోనూ నా దరఖాస్తు ఉద్యోగాల కట్టలోకే పోలేదు. బావి పూడిక గురించి, అన్యాయం గురించి రాసి, కలెక్టరుకు నకలు పెట్టి ఉంటే గుమాస్తాలు దాన్ని ఉద్యోగం అడిగే కాగితం అనుకోలేదు. పూర్తిగా చదివితే తెలిసేది. ఆరు పేజీలు చదవడం వాళ్లకు అంత కష్టమైతే గుమాస్తాలుగా ఎందుకు చేరారో నాకు అర్థం కాలేదు. ఈ విషయంలో తప్పు నాదని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఈ సంగతి వేంపల్లె దాకా పోయింది. మామ వచ్చి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"ఏమల్లుడా, కలెక్టరు నీ కోసరం మనిషిని పంపిచ్చినాడంటనే! ఏమిచ్చిపోయినాడు?"

"ఏమియ్యలేదు."

"మజ్జిగ తాగిపోయినాడు" అంది అమ్మ.

"అయితే మనకే నష్టం వచ్చిందక్కా" అని మామ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత నవ్వకుండా మా నాయనతో అన్నాడు. "బావా, కొత్త శెనక్కాయ దిగేదానికి ముందు వీనికి ఉద్యోగమొస్తే సరి. రాకుంటే నా ఎంట పంపియ్యి. నేను ఇంగో మనిషిని పెట్టుకోకుండా వీని కోసరం కాచుకోనుండా." నాయన నన్ను చూడకుండా, సరేనని తల ఊపాడు.

అప్పటికి పులివెందులలో ఒక సహకార సంఘానికి గుమాస్తా కావాలని తెలిసింది. ఈసారి చేతిరాత వద్దు, టైపు కొట్టించమన్నాడు మా నాయన. ప్రొద్దుటూరు బజారులో ఒక మిద్దె మీద టైపు నేర్పే సాయిబు ఉండేవాడు. ఊరంతా ఆయన్ని మాస్టరు అనేది. నా ఆరు పేజీలూ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని చదివాడు. మొదటి పేజీ, రెండో పేజీ. మూడో పేజీ దగ్గర కళ్లజోడు తీసేశాడు.

"ఏందప్పా ఇది?"

"దరఖాస్తు మాస్టరూ."

"నువ్వు ఉద్యోగం అడగతాండావా, దావా ఏస్తాండావా? నువ్వు పాసైంది యాడ?"

"ఆరో పేజీలో."

"ఆరో పేజీ దాకా ఎవడొస్తాడు? నేను దుడ్లు తీసుకోని చదవతాండా. నాకే సగంలో నిద్రొస్తాంది. ఒక కాగితం, ఒక పక్క. అంతకు మించి నేను కొట్టను."

"ఒక కాగితంలో ఏం పడుతుంది?"

"నువ్వు పడితే సాలు. ఈ బావి తీసేయ్."

"అది నిజం మాస్టరూ. మా తాత బావి."

"నిజమేలే అప్పా. బావి పూడిపోతే నీకు లెక్కలు బాగా వస్తాయా? రావు గదా. ఈ చెప్పులు?"

"చెప్పుల్లేకుండానే చదువుకున్నా."

ఆయన బల్ల కిందికి వంగి నా కాళ్లు చూశాడు. "ఇప్పుడేసుకుండావు గదా. తీసేయ్. ఈ జవాబు రాయనోళ్ల పట్టీ?"

"అది మాత్రం ఉండల్ల. మా పెదనాయన అదే బలం అన్నాడు."

"అరె! పెండ్లిసూపులకు పొయ్యి, ఇంతకుముందు నన్ను కాదన్నోళ్లు ఫలానా ఫలానా అని చదువుతావా? ఆ పిల్ల నాయన ఏమనుకుంటాడు? ఇంతమంది కాదన్నోన్ని నేనెందుకు ఔనల్ల అనుకోడా?"

వెనక మిషన్ల దగ్గర టైపు నేర్చుకుంటున్నవాళ్లు కొట్టడం ఆపి నవ్వారు. నేను కాగితాలు తీసుకొని మెట్లు దిగాను. కిందికి వచ్చాక కొత్త కాయ గుర్తొచ్చింది. మళ్లీ పైకి ఎక్కాను. మాస్టరు ఒక ముక్క కాగితం, పెన్సిలు తీసుకొని అడిగాడు.

"సదువు సంగతి సరే. నీకు ఏ పనొస్తాది?"

"సాపుగా రాస్తా."

"ఇంగ?"

"మిల్లులో మా నాయనకు జ్వరమొస్తే కాటా దగ్గర నిలబడతా. తూకం, తరుగు లెక్క రాస్తా. మేస్త్రీ కూడా నా లెక్కే తీసుకుంటాడు."

"ఇది ఇందులో యాడ రాసినావు?"

"రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

కాటా మాట నేను కావాలనే రాయలేదు. ఎస్సెస్సెల్సీ పాసైనవాడు కాటా దగ్గర నిలబడ్డానని చెప్పుకోవడం నాకు చిన్నతనం. మా మామ మాట నిజమైనట్టు ఉంటుంది. మాస్టరు నా జవాబు కోసం ఆగకుండా ముక్క కాగితం మీద కాటా అని రాసుకున్నాడు.

"సంఘంలో ఇత్తనాలు తూయల్ల, ఎరువు తూయల్ల. వాళ్లకు కావల్సిన ముక్క ఇదొక్కటే. దీన్ని పెట్టెలో దాచిపెట్టి, పూడిపోయిన బావి బజార్లో పెట్టినావు గదప్పా!"

ఇంగ్లీషులో కొట్టాడు. మొదటి వరసలో ఏ ఉద్యోగానికో. రెండో వరసలో చదువు. ఆ తర్వాత కాటా పని, పత్తి మిల్లు, తరుగు లెక్క. తర్వాత జమ్మలమడుగులో సాపు రాత. తెలుగు, ఇంగ్లీషు వచ్చునని. వయసు, చిరునామా, సంతకం. ఫిర్యాదు చేసేంత ఇంగ్లీషు నాకు రాకపోవడం మేలైందని మాస్టరు అన్నాడు. అది పొగడ్త కాదు.

"నకలు ఎవరికి?" అని అడిగాను.

"నీ పెట్టెకు. కలెక్టరును ఇంగైనా బతకనీ."

ఆ కాగితం పట్టుకొని తపాలా పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. అందులో మా తాత లేడు, మా నాయన వేలు లేదు, నన్ను పట్టించుకోని ఒక్క ఆఫీసూ లేదు. ఎవరో సుఖంగా పెరిగినవాడి కాగితంలా ఉంది. వేసేశాను.

జవాబు వచ్చింది. తపాలా ఆయన వీధి మొదట్లోనే గంట కొట్టుకుంటూ వచ్చాడు. ఫలానా రోజు స్వయంగా హాజరు కావాలని పోస్టుకార్డు. మా అమ్మ దాన్ని వీధిలో అందరికీ చూపించింది. నాకు సంతోషం కంటే కోపం ఎక్కువ కలిగింది. ఉన్న కష్టమంతా రాసుకున్నప్పుడు ఎవరూ పలకలేదు. ఏమీ చెప్పకపోతే రమ్మన్నారు.

అప్పటికే కొత్త కాయ దిగింది. మామ కబురు పంపాడు: ఉద్యోగం లేదంటే మళ్లీ ప్రొద్దుటూరు పోవద్దు, పులివెందుల నుంచి అట్నుంచి అట్నే వేంపల్లె బస్సెక్కి రమ్మను, మనుషులు చాలడం లేదు. అందుకని అమ్మ నా బట్టలన్నీ మూట కట్టింది. ఆ మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఎర్రగుంట్లలో బస్సు నిండిపోయింది. తొండూరు దగ్గర ఇంజను వేడెక్కి ఆగితే, దిగి అందరితో పాటు నీళ్లు మోశాను. పులివెందులలో దిగేసరికి చొక్కా మీద ఎర్రమట్టి. దులుపుకొని, మూటతోనే లోపలికి వెళ్లాను. దాన్ని బయట ఎవరికి అప్పజెప్పేది?

లోపల ఇద్దరున్నారు. ప్రెసిడెంటు పెద్ద రైతు, తెల్లపంచె, తలపాగా తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. పక్కన సెక్రటరీ. ఆయన ముందు నా టైపు కాగితం ఉంది. ప్రెసిడెంటు కాగితం వైపు చూడలేదు.

"ఎవరి పిల్లోనివప్పా?"

మా నాయన పేరు చెప్పాను.

"అది గాదు. ఈడ మీవాళ్లెవరుండారు? ఎవరి మనిషివి?"

"ఎవరి మనిషినీ కాదు సార్."

"మరి ఎవరు పంపిస్తే వచ్చినావు?"

"మీ కార్డు వస్తే వచ్చినా."

ఆయన సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ గొంతు తగ్గించి, "కాటా పని తెల్సంట అన్నా. అందుకే పిలిపిచ్చినా" అన్నాడు. తర్వాత తరుగు లెక్క ఒకటి అడిగాడు. నోటితోనే చెప్పాను. ఇంకొకటి అడిగాడు. అదీ చెప్పాను. ఎరువు బస్తాలు రాలేదని కడపకు రాయాలి, ఒక ఉత్తరం రాసి చూపించమని కాగితం ఇచ్చాడు. ఎన్నిసార్లు రాసినా వాళ్లు పలకడం లేదట. ఆ మాట విన్న తర్వాత నా చెయ్యి ఆగలేదు. రెండు పక్కలా నింపాను.

సెక్రటరీ పైకి చదివాడు. ప్రెసిడెంటు మొదట తల ఊపాడు, సగం అయ్యేసరికి నవ్వు మొదలుపెట్టాడు. "ఇది పంపితే ఎరువు సంగతి దేవుడెరుగు, సంఘమే మూసేస్తారప్పా!" అని తలపాగా చేతిలోకి తీసుకున్నాడు. "సరే, పోయిరా. కార్డు రాస్తాంలే."

నేను లేవలేదు. మూట ఒళ్లోనే ఉంది.

"చెప్పినా గదప్పా, కార్డు రాస్తామని" అన్నాడు సెక్రటరీ.

"కార్డు యాడికి రాస్తారు సార్?"

"నీ చిరునామాకే. ప్రొద్దుటూరుకు."

"నేనాడ ఉంటానో లేదో మీరు చెప్తేనే తెల్సేది. బయట రెండు బస్సులుండాయి. ఉద్యోగముంటే ప్రొద్దుటూరు బస్సెక్కి ఇంట్లో చెప్పొస్తా. లేకుంటే వేంపల్లె బస్సెక్కి మా మామ అంగట్లో కూచుంటా. ఆడికి పోయినాక మీ కార్డుతో నాకు పనిలేదు."

ప్రెసిడెంటు మొహంలో నవ్వు పోయింది. "పద్ధతని ఒకటుంటాది. పదిమందిని చూడల్ల, మాట్లాడుకోవల్ల. అడిగిన ఎంటనే చెప్పేదానికి ఇదేమన్నా సంతనా?"

"పద్ధతి ప్రకారం శానా కాలం కూచున్నా సార్. రాస్తామన్నోళ్లు ఎవరూ రాయలేదు. మీరూ రాయరు."

"పోకుంటే ఏం జేస్తావు?"

"ఏం జేయను. ఈడనే కూచుంటా. కాగితం వద్దు, కార్డు వద్దు. ఉద్యోగముంటే ఉందని చెప్పండి, లేకుంటే లేదని చెప్పండి. లేదన్నా నేను గొడవపడను, లేచి పోతా. ఏదో ఒకటి మీ నోటితో ఇప్పుడే చెప్పండి సార్."